ఆరు బారల మీద ఒక మూర

ఇబ్రహీంపట్నం,
జూన్ 11.

కేరళ దేశంలో నీళ్ళ ఒడ్డున కొలువై ఉన్న కరుణక్క సముఖానికి,

నీ చిన్నాయన కొడుకు, బి.కాం. రెండో తరగతిలో పాసైన ఐలేష్ అను నేను విన్నవించుకునేది ఏమంటే:

నువ్వు నా ఫోన్ నంబరు బ్లాక్ చేసి నేటికి నూట పదిహేను రోజులు. వాట్సాప్‌లో నా మెసేజీలన్నిటికీ ఒక్క గీతే పడుతున్నది. రెండో గీత పడుతుందేమోనని చూసి చూసి చూపు తగ్గింది. అమ్మ ఫోన్ నుంచి చేశాను, అదీ బ్లాకు. మన పడవ దానియేలన్న ఫోన్ నుంచి చేయిస్తే, "ఐలేష్ గాడు పక్కనున్నడా?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేశావు. చివరికి పెద్దమ్మను, అంటే మీ అమ్మనే, మూడు రోజులు బతిమాలి నీ రిసార్టు చిరునామా సంపాదించాను. పోస్ట్‌మ్యాన్‌ను బ్లాక్ చేసే బటన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కనుక ఇది నీకు చేరి తీరుతుంది. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్‌లో ఉన్న మేడం నన్ను కిందికీ మీదికీ చూసి, "నౌకరి అప్లికేషనా?" అన్నది. "కాదు మేడం, రాజీ పత్రం" అన్నాను.

ఇక దేశకాల పరిస్థితులు. చెరువులో నీళ్ళు గుంజుకుపోయి కట్టకు దూరం జరిగాయి. మనం ఎర్ర రంగు వేసి, రాళ్ళు కట్టి నీళ్ళలో నిలిపిన ఆరు నూనె డబ్బాలూ ఇప్పుడు బురద మీద కూర్చున్నాయి. మూడో డబ్బా మీద రోజూ ఒక కొంగ వచ్చి ఒంటి కాలి మీద నిలబడుతున్నది. అచ్చం నీ ఫోజే. తాడూ లేదు, పడవా లేదు, గర్వం మాత్రం ఉంది.

రేపు ఈ ఉత్తరం ఏ చరిత్రకారుడి చేతిలోనైనా పడితే తికమక పడకుండా, మన ఆటను తాత మాటల్లో నమోదు చేస్తున్నాను. "పడవ సక్కగ పోవాలె. ఎనుక తాడు పట్టుకోని, ఒంటి చెక్క మీద నిలవడ్డ పిల్ల వంకరగ పోవాలె. కుడికి మూడు డబ్బాలు, ఎడమకు మూడు డబ్బాలు. అన్నిట్ల అవుతలికెల్లి తిరిగి రావాలె. పడ్డకాడికే లెక్క." ఇంతకంటే బాగా చెప్పినవాడు నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫిబ్రవరిలో నువ్వు రైలెక్కే ముందు రోజు, పడవ నడిపింది నేనే. ఒప్పుకుంటున్నాను. పద్నాలుగు నెలలుగా నాలుగు డబ్బాలు దాటని నువ్వు ఆ రోజు ఐదోది చుట్టావు. కట్ట మీద తాత ఈల వేశాడు. సాయంత్రం, డబ్బాకో ముడి చొప్పున నీ లెక్క పెట్టే తన వల తాడుకు ఐదో ముడి వేశాడు. తెల్లారేసరికి నువ్వు ఆ ముడి విప్పేసి, నా నంబరు బ్లాక్ చేసి, రైలెక్కి పోయావు. నేను పడవను డబ్బా వైపు తిప్పి నీకు సాయం చేశానని నీ అభియోగం.

పడవ సక్కగానే పోయింది, అక్కా. ఐదో డబ్బా దగ్గర గాలి కొట్టింది. గాలి చేసినదానికి నేను జవాబుదారీ కాను.

ఇట్లు,
న్యాయం కోరుతూ,
ఐలేష్.


ఆలప్పుళ,
జూన్ 24.

ఐలేష్,

ఉత్తరం చేరింది. నా గదిలో ఉండే అమ్మాయి లవ్ లెటరా అని అడిగింది. దొంగ సాక్ష్యం అని చెప్పాను.

ఆ రోజు గాలి లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆరో దాని దగ్గర పడి నేను తల పైకెత్తేసరికి పడవ వెనుక నురుగు గీత ఇంకా చెదరలేదు. మొదటి డబ్బా నుంచి నాలుగో డబ్బా దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. ఐదో దాని దగ్గర వంగింది. తర్వాత మళ్ళీ సక్కగైంది. గాలి అట్ల కొడ్తదారా?

ఇంకొక్క అబద్ధం రాసినవంటే పోస్ట్‌మ్యాన్‌ను బ్లాక్ చేసే బటన్ నేనే కనిపెడతాను.

అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుందో రాయి. నాకు ఫోన్‌లో నిజం చెప్పదు.

కరుణ.


ఇబ్రహీంపట్నం,
జూలై 6.

అక్కా,

పెద్దమ్మ మోకాలు బాగానే ఉంది. నొప్పి తగ్గింది, దాని గురించి చెప్పడమే తగ్గలేదు.

నీ నాలుగు ముక్కల ఉత్తరం జేబులో పెట్టుకుని పనికి పోయాను. బొంగులూరులో మా వెంచర్ ఆఫీసులో కూర్చుని కస్టమర్లకు తూర్పు ఫేసింగ్ ప్లాట్లు చూపిస్తూ, మనసంతా చెరువు దగ్గరే పెట్టుకున్నాను. ఒకాయన "గీ రాళ్ళు హద్దులేనా తమ్మీ?" అంటే "కావు సార్, నూనె డబ్బాలు" అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు.

ఆ ఏడు గుర్తుందా? మన నాయనలు కూడా నిండగా చూడని పెద్ద చెరువు నిండి, అలుగు దుంకింది. జనం బస్సులు ఆపించుకుని దిగి ఫోటోలు తీసుకున్నారు. తాత ఒక్క ఫోటో దిగలేదు. మోకాటి లోతులో నిలబడి, బర్రె వీపు నిమిరినట్టు నీళ్ళను నిమిరాడు. వారం తిరగకముందే దానియేలన్న అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి లారీలో తన మోటారు పడవను తెచ్చాడు. పట్నంలో బోట్ క్లబ్బులో ఇరవై ఏళ్ళు మెకానిక్కుగా చేసినవాడు. వాళ్ళు పారేసిన పడవ, పారేసిన తాడు, పారేసిన ఒంటి చెక్క. అన్నీ దాచుకుని, నీళ్ళ కోసం కూర్చున్నాడు. మత్స్యకారుల సంఘంలో ఎవరూ ఒప్పుకోలేదు. "చేపలు బెదురుతయి" అన్నారు. అప్పుడు తాత లేచి, "నలభై ఏండ్లు నీళ్ళే లేకుంటె బెదరని సంఘం, గీ చెక్కముక్కకు బెదురుతదా?" అన్నాడు. వలలు వేయని రోజుల్లో, కట్ట మూలన మాత్రమే అని తీర్మానం.

డబ్బాలు పెట్టిన రోజు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పొడవు కట్ట మీదే టేపుతో కొలిచాం. వెడల్పు కొలవడానికి నీళ్ళ మధ్యలోకి పోయాం. టేపు నా చేతిలోంచి చెరువులో పడింది. దానియేలన్న నన్ను ఏమన్నాడో రాస్తే పోస్టు శాఖ ఒప్పుకోదు. తాత తెప్ప మీద నిలబడి, "టేపు మునిగితె మునిగె. నా చేతులు మునగలే గద? లెక్క చెప్పు" అన్నాడు. దానియేలన్న అగ్గిపెట్టె మీద గుణించాడు. పడవ దారి నుంచి డబ్బాకు పదకొండున్నర మీటర్లు. బార అంటే ఆరడుగులు. అంటే ఆరు బారల మీద ఒక మూర. తాత రెండు చేతులూ చాపి, రొమ్ముకు తాడు ఆనించి, "ఒకటి... రెండు..." అని కొలిచాడు. వలలకు తాళ్ళు కొలిచే పద్ధతి అదే కదా. ఆయన చేతులు చాపితే తెప్పకు రెండు వైపులా నీళ్ళ మీదికి పోయాయి. నువ్వు "తాతా, నీకు చొక్కాలు ఎట్ల దొరుకుతయే?" అన్నావు. ఆయనకు నిండు చేతుల చొక్కా ఎప్పుడూ ముప్పావు చేతులే.

ఇంత దూరం తిప్పి తిప్పి రాస్తున్నది ఎందుకో నీకు తెలుసు.

గాలి లేదు, అక్కా. స్టీరింగు నేనే తిప్పాను. ఒక గజం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గజాలే అమ్మే కన్ను నాది. సరిగ్గా గజమే.

పద్నాలుగు నెలలు ఆ ఐదో డబ్బా దగ్గర నీ చేతిలోంచి తాడు పిడి జారిపోవడం పడవ అద్దంలో చూసింది నేనొక్కణ్ణే. కట్ట మీదివాళ్ళకు నువ్వు పడడం కనబడేది. నాకు నీ మొఖం కనబడేది. తెల్లారితే నువ్వు పోతున్నావు. మళ్ళీ ఎండాకాలానికి చెరువుంటుందో లేదో. చేయి దానంతట అదే తిరిగింది అని రాద్దామనుకున్నాను. అదీ అబద్ధమే. నేనే తిప్పాను.

ఐలేష్.


ఆలప్పుళ,
జూలై 20.

ఐలేష్,

నిజం రాశావు. సంతోషం. కోపం పోలేదు.

ఎందుకో నీకు అర్థం కాలేదని నీ ఉత్తరం చూస్తే తెలుస్తున్నది. ఐదోది నువ్వు ఇచ్చావని కాదు నా బాధ. ఐదోది ఇచ్చినవాడివి, నాలుగోది ఇవ్వలేదని నాకేం నమ్మకం? మూడోది? ఆ పద్నాలుగు నెలలూ పడవ నడిపింది నువ్వే. తాత తాడుకున్న నాలుగు ముళ్ళూ చేతితో తడుముకున్నాను ఆ తెల్లారి. వీటిల నావి ఎన్ని, ఐలేష్ గాడివి ఎన్ని అనిపించింది. ఆ ప్రశ్న పట్టుకునే రైలెక్కిన. నాకు చెప్పుకోవడానికి ఉన్నది ఆ నాలుగే కదరా.

ఇక్కడ ఒంటి చెక్క ఎక్కడం లేదు. వచ్చిన గెస్టులకు లైఫ్ జాకెట్లు తొడుగుతాను, విప్పుతాను. అరటిపండు లాంటి గాలి పడవ మీద కూర్చోబెడతాను. నీళ్ళలో పడి కేకలు పెడితే ఎత్తుకొస్తాను. వెనుక కాలువలో అసలైన డబ్బాల వరస ఉంది, పక్కా కొలతలతో. సుసన్న టీచర్ అని ఒకామె నేర్పుతుంది. అరవై రెండేళ్ళు. రోజూ పొద్దున ఒకసారి తనే పోతుంది. మూడు డబ్బాలు చుట్టి పడుతుంది. ఈదుకుంటూ వచ్చి వంటవాడికీ తోటమాలికీ అందరికీ మూడు వేళ్ళు చూపిస్తుంది. ముప్పై ఏళ్ళ కింద ఆరు చుట్టేదట. ఇప్పుడు మూడు. ఆ మూడుకు ఆమె సంబరం చూస్తే నాకు కుళ్ళు.

ఇక్కడ ఎటు చూసినా నీళ్ళే. నీళ్ళను చూసి ఎవరూ ఆగరు. మన దగ్గర అలుగు చూడ్డానికి బస్సు ఆపినవాళ్ళు గుర్తొస్తారు.

నాలుగు ముళ్ళ సంగతి రాయి. సక్కగ రాయి.

కరుణ.


ఇబ్రహీంపట్నం,
సెప్టెంబర్ 5.

అక్కా,

ఆలస్యానికి కారణం సోమరితనం కాదు, ప్రమాణం. తాత ముందు తాడు మీద చేయి పెట్టి చెప్పాను, ఇప్పుడు నీకు రాస్తున్నాను. ఆ నాలుగూ నీవే. ఆ ఒక్క రోజు తప్ప పడవ ఎన్నడూ వంగలేదు. వంచాలన్నా ముందు నాకు చేతకాలేదు. మొదటి ఆరు నెలలు స్టీరింగును నేను పట్టుకున్నానో, అది నన్ను పట్టుకున్నదో నాకే తెలియదు.

తాతకు అంతా చెప్పేశాను. వల కుట్టుకుంటూనే విన్నాడు. "చేపను నువ్వే తెచ్చి గాలానికి గుచ్చినట్టైంది గదరా" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. నేను మాత్రం శిక్ష మొదలుపెట్టాను. నెల నుంచి ఒకటే వాన. చెరువు మళ్ళీ కట్టకు ఆనింది. డబ్బాలు బురదలోంచి లేచి, తాళ్ళు గుంజుకుని నిలబడ్డాయి. కొంగ ఎటు పోయిందో తెలియదు. ప్రతి ఆదివారం దానియేలన్న నాతో పడవ నడిపిస్తున్నాడు. వెనుక ఎవరూ లేరు, ఉత్త తాడు. అవతలి ఒడ్డున ఒకదాని వెనుక ఒకటి రెండు తాళ్ళు ఉన్నాయి చూడు, తాటిచెట్లు. ముందుదాని వెనుక రెండోది దాక్కోవాలి. అది కనబడిందంటే పడవ వంగినట్టు. కనబడితే దానియేలన్న నెత్తి మీద ఒకటి మొట్టుతాడు. మొదటి ఆదివారం పదిహేడు. పోయిన ఆదివారం రెండు. కట్ట మీది నుంచి చూసేవాళ్ళు, "ఎవ్వలు లేకుండ ఉత్త తాడు గుంజుతున్నడు, పిలగానికి ఏమైంది?" అని అమ్మను అడుగుతున్నారట.

నువ్వు నిజంగానే ఒంటి చెక్క ఎక్కడం లేదా? ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు. అబద్ధాలలో నాకు కొంత అనుభవం ఉంది.

ఐలేష్.


ఆలప్పుళ,
సెప్టెంబర్ 27.

అరేయ్ ఐలేష్,

సరే, దొరికిపోయాను. ఆగస్టు నుంచి ఎక్కుతున్నాను. నీకు చెప్పాలనిపించలేదు. ముందు నాకే నమ్మకం కలగని సంగతి ఒకటి జరిగింది, దాని కోసం ఆగాను.

మొదటి రోజే ఐదు చుట్టాను. ఆర్నెల్లు తాడు ముట్టని చేతులతో. రెండో రోజు ఆరు. ఆరుకు ఆరు! చివరిది చుట్టి కూడా నిలబడే ఉన్నాను, ఆ తర్వాత ఏం చేయాలో తెలియలేదు. ఎప్పుడూ అంత దూరం పోలేదు కదా. నా అంతట నేనే పిడి వదిలేసి నీళ్ళలో కూర్చున్నాను.

ఒడ్డుకు వచ్చి చేసిన మొదటి పని డ్రైవర్‌తో తగాదా. "పడవెందుకు తిప్పినవ్? నిన్నెవడు తిప్పుమన్నడు?" అని తెలుగులోనే అరిచాను. ఆయన పదకొండేళ్ళుగా పోటీలకు నడుపుతున్నాడు. పాపం, మలయాళంలో ఏదో దేవుణ్ణి తలచుకున్నాడు. సుసన్న టీచర్ నా చేయి పట్టుకుని తీసుకుపోయి పడవ మీది నుంచి తీసిన వీడియో చూపించింది. నురుగు గీత దారం లాగినట్టు ఉంది. "ఇన్ని రోజులు నువ్వు ఎక్కడ నేర్చుకున్నావమ్మా? ప్రతి డబ్బానూ అంత అవతలి నుంచి ఎందుకు చుడుతున్నావు? డబ్బాకూ నీకూ మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా వదులుతున్నావు" అని అడిగింది.

నేను జాగా వదలడం లేదు. డబ్బా ఎక్కడ ఉంటుందని నా ఒంటికి తెలుసో అక్కడికే పోతున్నాను.

ఆ మాట మీద వారం ఆలోచించాను. ఒక పని చెప్తా, ఎందుకని అడగకు. తాత బార కొలిచి రాయి. టేపుతో. టేపు చెరువులో వేయకు.

కరుణ.


ఇబ్రహీంపట్నం,
అక్టోబర్ 8.

కరుణక్కకు,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

దసరాకు చొక్కా కుట్టిస్తానని చెప్పి తాతను గోడకు నిలబెట్టి చేతులు చాపమన్నాను. వెంచర్ టేపు తెచ్చాను. ఈ కొన నుంచి ఆ కొనకు ఆరడుగుల ఆరంగుళాలు. తప్పు కొలిచానేమోనని మూడుసార్లు కొలిచాను. "సిలువ మీద ఏసుప్రభువును కూడ ఇంతసేపు నిలవెట్టలే" అని దానియేలన్న అన్నాడు. మూర అడుగు ఎనిమిది అంగుళాలు. దానియేలన్న అగ్గిపెట్టె లెక్క మామూలు మనుషుల బారకు. తాత మామూలు మనిషి కాడని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. నువ్వు చొక్కా సంగతి ఎత్తావు కూడా. నవ్వుకుని ఊరుకున్నాం.

మన డబ్బాలు ఉండవలసిన చోటు ముప్పై ఏడు అడుగుల తొమ్మిది అంగుళాలు. ఉన్న చోటు నలభై అడుగుల ఎనిమిది అంగుళాలు. రెండడుగుల పదకొండు అంగుళాలు ఎక్కువ. పద్నాలుగు నెలలు నువ్వు లోకంలో ఎవరూ చుట్టని డబ్బాలను చుట్టావు.

దానియేలన్న అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు. "నా అగ్గిపెట్టెల నిప్పువడ. పోరి చేతులు రెక్కలు కొట్టుకపోయినయి గదరా" అని ఒకటే మాట. తాతకు సంగతి చెప్పక తప్పలేదు. చేతులు ఇంకా చాపే ఉన్నాయి. దించి, నన్ను చూసి అన్నాడు: "నా బార తప్పంటవా? అరవై ఏండ్లు గీ చేతులతోనే వలలు కొల్చిన. ఒక్క చేప అడగలే. ఆ మీటర్లు రాసినోని చేతులే పొట్టియి."

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని ఊగి ఊగి, చివరికి దసరా చొక్కా గుడ్డ మీద ఒట్టేసుకుని రాస్తున్నాను. రెండడుగుల పదకొండు అంగుళాలు అంటే గజానికి ఒక్క అంగుళం తక్కువ. ఆ రోజు నేను పడవ తిప్పింది గజం. తాత చేతులు డబ్బాను ఎంత అవతలికి నెట్టాయో, నేను నిన్ను అంతే అవతలికి తీసుకుపోయాను. అంటే ఆ ఐదో డబ్బా, లెక్క ప్రకారం, సరైన డబ్బానే. నువ్వు చుట్టిన ఐదు నిజమైన ఐదే. నేను చేసిన ఒకే ఒక్క మోసం లోకంలో ఒకే ఒక్క న్యాయమైన డబ్బాను తయారు చేసింది. నవ్వాలో ఏడవాలో నాకు తెలియడం లేదు. ప్రస్తుతానికి నవ్వుతున్నాను.

రెండు ఆజ్ఞలు కావాలి. ఒకటి: డబ్బాలు లోపలికి జరపమంటావా? గంట పని అంటున్నాడు దానియేలన్న. రెండు: ఐదో ముడి మళ్ళీ వేయమని తాతకు చెప్పనా?

ఐలేష్.


ఆలప్పుళ,
అక్టోబర్ 26.

ఐలేష్,

నీ ఉత్తరం రిసార్టు జెట్టీ మీద నిలబడే చదివాను. గట్టిగా నవ్వితే గెస్టులు తిరిగి చూశారు. తర్వాత జాకెట్లు ఆరేసే గదిలోకి పోయి, కొంచెంసేపు ఉండి వచ్చాను.

ముందు ఇక్కడి ముచ్చట. పోయిన ఆదివారం పోటీ పెట్టారు, చుట్టుపక్కల క్లబ్బులకు. నాది రెండో స్థానం. మొదటిది కొచ్చి అమ్మాయికి వచ్చింది. నా వంతుకు ముందు తన గ్లౌజులు విప్పి నాకిచ్చింది, నావి చినిగి ఉన్నాయని. "మూడో డబ్బా దగ్గర నీళ్ళు గరుకుగా ఉన్నాయి, మోకాళ్ళు వంచు" అని కూడా చెప్పింది. నా చేతిలో ఓడిపోయే అవకాశం ఉన్న మనిషి ఆమె. నేను ఒక్కో డబ్బా చుడుతుంటే ఒడ్డు మీద అందరికంటే గట్టిగా అరిచిందీ ఆమే. ఇద్దరం ఆరూ చుట్టాక పడవ వేగం పెంచితే నేను మూడుకు పడ్డాను, ఆమె ఐదుకు పడింది. సుసన్న టీచర్ మూడు వేళ్ళు ఎత్తి నాకు ఎదురొచ్చింది. ఈసారి నేనూ ఎత్తాను.

ఇప్పుడు నీ ఆజ్ఞలు.

డబ్బాలు జరపొద్దు. ఇక్కడ ఆరు చుట్టింది ఎవరి పుణ్యమనుకున్నావు? రోజూ తాత చేతులంత దూరం పోయి వచ్చినదానికి ఈ కొలత పెరట్లోకి పోయి వచ్చినట్టుంది. అవి తాత పెట్టిన డబ్బాలు. అక్కడే ఉంటాయి.

ముడి వద్దు. నువ్వు తిప్పినప్పుడు తాత బార సంగతి నీకు తెల్వదు. నా మీద జాలి మాత్రమే తెలుసు. లెక్క సరిగ్గ అచ్చింది, అది నీ అదృష్టం. తిప్పుడు తిప్పుడే. ఐదో ముడి కావాలంటే నేనే వచ్చి తెచ్చుకుంటాను.

నవంబర్ పదహారున వస్తున్నాను, నాలుగు రోజులకు. పదిహేడు ఆదివారం. పడవ నువ్వే నడపాలి. దానియేలన్న నడుపుతానన్నా ఒప్పుకోను. నువ్వే.

రెండో తాటిచెట్టు కనబడిందో, మొట్టడానికి ఈసారి నేనుంటాను.

కరుణ.


ఇబ్రహీంపట్నం,
డిసెంబర్ 1.

కరుణక్కకు,

మీ సుసన్న టీచర్ "ఆ రోజు ఏం జరిగిందో పడవ నడిపిన అబ్బాయిని రాయమను, చదివి వినిపించు" అని కోరినందున, నీకు తెలిసిన సంగతే అయినా ఆమె కోసం నమోదు చేస్తున్నాను. మలయాళంలోకి మార్చేటప్పుడు నా గౌరవానికి భంగం కలగకుండా చూడు.

టీచర్ గారికి నమస్కారం. నవంబర్ పదిహేడు ఉదయం, చెరువు నిండుగా, గాలి లేకుండా (ఈసారి నిజంగా), కట్ట మీద మా ఇంటివాళ్ళు, సంఘంలో సగం మంది, మోకాళ్ళ నొప్పిని ఇంటి దగ్గర వదిలేసి వచ్చిన మా పెద్దమ్మ ఉండగా, నేను పడవ నడిపాను. పక్కన దానియేలన్న వెనక్కి తిరిగి కూర్చుని డబ్బాలు లెక్కపెట్టాడు. నేను అద్దాన్ని గుడ్డతో కప్పేశాను. అక్క మొఖం కనబడితే నా చేతిని నేను నమ్మను. అందుకని ఏ డబ్బా ఎట్లా చుట్టిందో నేను చూడలేదు. తాటిచెట్టును చూశాను. అంత సేపు ఒక తాటిచెట్టును నా జన్మలో చూడలేదు. దానికి మట్టలు ఎన్నున్నాయో ఇప్పుడడిగినా చెప్తాను.

తాడు కుడికి గుంజింది, ఎడమకు గుంజింది. పడవ ఒళ్ళు అటూ ఇటూ ఊగింది. దానియేలన్న నోటి నుంచి "ఒకటి... రెండు... మూడు... నాలుగు..." ఆ తర్వాత ఆయన ఊపిరి బిగపట్టాడు. ఐదో డబ్బా వచ్చిందని నాకు వీపుతోనే తెలిసింది. స్టీరింగు మీద నా వేళ్ళు ఒక్క మాట అడిగాయి. వద్దు అన్నాను. తాడు వదులైంది.

పడవ తిప్పుకుని వచ్చేసరికి అక్క నీళ్ళలో ఉంది. చెక్క ఎటో కొట్టుకుపోతున్నది, దాన్ని చూడడం లేదు. మమ్మల్నీ చూడడం లేదు. నీళ్ళ మీద నురుగు గీతను చూస్తున్నది, ఈ కొన నుంచి ఆ కొన దాకా. గీత కరిగిపోయేదాకా చూసి, నా వైపు తిరిగింది.

కట్ట మీది నుంచి తాత అరిచాడు: "ఎన్ని బిడ్డా?"

"నాలుగే తాతా!"

"ఐదుకు జానెడు దూరంల పడ్డది" అన్నాడు దానియేలన్న.

"నాలుగంటే నాలుగే అన్నా" అని, నీళ్ళలోనే నాలుగు వేళ్ళు ఎత్తి, పకపకా నవ్వింది. పద్నాలుగు నెలలు నేను అద్దంలో ఎదురుచూసిన మొఖం అది, టీచర్. అది ఐదో డబ్బా అవతల ఉందనుకున్నాను.

సాయంత్రం తాత తాడు తీశాడు. మీ దగ్గరి ఆరు సంగతి చెప్పి, రెండు ముళ్ళు కలుపుదామా అని అడిగాను. "అది కేరళోల్ల చేతుల లెక్క, దీనికి ఆ ముళ్ళు ఎయ్య" అన్నాడు. నాలుగు ముళ్ళనూ ఒక్కొక్కటే గట్టిగా బిగించి, మళ్ళీ తలుపు మేకుకు తగిలించాడు. కింద ఇంకా జాగా ఉంది.

ఇట్లు,
పడవ సక్కగ నడిపిన,
ఐలేష్.


ఆలప్పుళ,
డిసెంబర్ 14.

తమ్మీ,

టీచర్‌కు చదివి వినిపించాను. తాటిచెట్టు దగ్గర నవ్వింది. వేళ్ళు అడిగిన చోట కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తాత చేతులకు ఆమె తరఫున నమస్కారం చెప్పమంది.

నీ నంబరు అన్‌బ్లాక్ చేసిన. ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్‌ల నువ్వు జల్ది అబద్ధమాడుతవు. ఉత్తరమే రాయి.

కొంగ వచ్చిందా?

నీ అక్క,
కరుణ.